గాజు గొట్టం ఎంగిలి

లింగమూర్తి మహా మొండిఘటం. దగ్గొస్తే పొగ అంటాడు, ఆయాసమొస్తే మెట్లు అంటాడు గానీ ఊపిరి తగ్గిందని మాత్రం చచ్చినా ఒప్పుకోడు. దవాఖానలో డాక్టరు "ఇంక ఊదడం మానెయ్" అన్న మాటను నెల రోజులుగా కడుపులోనే దాచుకుని తిరుగుతున్నాడు. భార్య సాయమ్మకు తెలిస్తే పని మాన్పించేస్తుంది. పనే లేకపోతే లోకంలో లింగమూర్తి అనేవాడు ఎవడు? అదీ అతని బెంగ.

ఊరూరా తిరిగి, జనం కళ్ళముందే గాజు ఊది బొమ్మలు చేసి చూపడం వాళ్ళ బతుకు. అతను మంట దగ్గర కూర్చుని ఊదుతాడు. ఆమె పక్కన కూర్చుని కాలితో తిత్తి తొక్కి మంటకు గాలి అందిస్తుంది. ఇరవై ఏళ్ళుగా అదే వరస. ఒకరు నోట పెట్టిన గాజు గొట్టం ఇంకొకరు నోట పెట్టకూడదు, ఆడమనిషైతే అసలే కూడదు అని అతని గురువు పెట్టిన కట్టుబాటు. ఆయనకు ఏ శాస్త్రం చెప్పిందో ఆ దేవుడికే ఎరుక!

ఆ శనివారం పొద్దున్నే చందానగర్ కిరాయి గదిలోంచి సామానంతా సెవెన్ సీటర్ ఆటోలో వేసుకుని, మాదాపూర్ బండరాళ్ళ మధ్య కొత్తగా లేచిన ఓ అద్దాల బిల్డింగుకు వచ్చారు. అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వార్షికోత్సవం. మెడలో కార్డులు వేలాడేసుకున్న ఉద్యోగులంతా చుట్టూ మూగారు. లింగమూర్తి చిలకలూ నెమళ్ళూ చకచకా చేసిచ్చాడు. చిన్న బొమ్మకు చిన్న ఊపిరి చాలు కాబట్టి బండి నడిచింది.

ఏర్పాట్లు చూస్తున్న జయంతి ముందుకొచ్చింది. "భలే ఉన్నాయండీ! ఒక పెద్ద హంస చేస్తారా? వెనకవాళ్ళకి కూడా కనపడాలి కదండీ."

"గదెంత పనమ్మా, చేస్తం!" అనేశాడు. నోరు ఊరుకుంటేగా!

"జర చిన్నదే చెయ్యరాదయ్యా," అని గొణిగింది సాయమ్మ.

"ఊకో, నీకేం ఎరుక."

లావుపాటి గొట్టం మంటలో తిప్పాడు. గాజు ఎర్రబడి మెత్తబడింది. మంటలోంచి తీసి, చల్లటి కొసను నోట పెట్టి ఊదాడు. హంస పొట్ట నిమ్మకాయంత అయింది, బత్తాయంత అయింది. ఇంకా కావాలి. అంతలో ఛాతీ పట్టేసింది. ఎంత లాగినా గాలి రాదే! ఇంతమందిలో పరువు పోతుందని భయం, సాయమ్మకు తెలిసిపోతుందని అంతకు రెట్టింపు భయం. హంస పొట్ట ఓ పక్క సొట్ట పడసాగింది.

సాయమ్మ తిత్తి మీంచి కాలు తీసి చివాల్న లేచింది. అతని నోట్లోంచి గొట్టం లాక్కుంది.

"ఏందే! ఎంగిలి..." అన్నాడు రొప్పుతూ.

"ఇరవై ఏండ్లసంది నీ ఎంగిలి కంచంల తింటున్న. గీ గొట్టానికే అంటుతదా?" అంటూ నోట పెట్టుకుని ఊదింది. సొట్ట సగం లేచి ఆగిపోయింది. "గట్టిపడ్డది, మంట గావాలె. తొక్కు!"

లింగమూర్తి ఆమె పీట మీద కూలబడి తిత్తి తొక్కాడు. ఆమె అతని చోట కూర్చుని గాజు తిప్పింది, మళ్ళీ ఊదింది. పొట్ట నిండుగా లేచింది. పటకారుతో మెడ లాగి వంచింది. ఒక్కసారైనా చెయ్యి తడబడలేదు. ఇన్నేళ్ళూ పక్కన కూర్చుని ఇదంతా నేర్చుకుందా! అతనికి కోపం రావాలి. సిగ్గు వచ్చింది, ఆ వెనకే గుండె నిండిపోయింది.

"నా సంగతి నీకెట్ల తెల్సింది?" అన్నాడు మెల్లగా.

"పక్కల పండేదాన్ని. నీ రొప్పు నాకినపడదా? నువ్వే చెప్తవని చూస్తున్న," అంది సాయమ్మ. ఆ గొంతులో కోపం కంటే ఏడుపే ఎక్కువ.

హంస మెడ కాస్త వంకర తిరిగిందిగానీ నిలబడింది. హాలంతా చప్పట్లు. జయంతి మైకు పట్టుకుని నేరుగా అతని దగ్గరికే వచ్చింది.

"లింగమూర్తిగారూ, ఇంత పెద్ద హంస చెయ్యడం నేర్చుకోడానికి ఎన్నేళ్ళు పట్టిందండీ?"

లింగమూర్తి ఉన్న కాస్త ఊపిరీ కూడదీసుకుని, మైకులో అందరికీ వినపడేలా అన్నాడు:

"నన్నడుగుతరేందమ్మా? పనిమంతురాలు ఆమె. నేను తిత్తి తొక్కెటోన్ని."