అత్తగారు, నేను, మూడో గడి

ఇంగ్లీషు పరీక్ష రెండుసార్లు తప్పాను. రెండుసార్లూ ఒకే చోట బోల్తా పడ్డాను. పదాలు, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం అని ఆ పరీక్షకి మూడు భాగాలు. మొదటి రెండింట్లో నాకు వంక పెట్టడానికి లేదు. పందొమ్మిదేళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నవాణ్ణి. కొత్త పదాలు మోటారు గది గోడ మీద సుద్దముక్కతో రాసుకుని, గ్రీజు పెడుతూనే బట్టీ కొట్టాను. క్రియల మూడు రూపాలు నిద్రలో లేపి అడిగినా చెబుతాను. మూడో భాగంలోనే మొదటిసారి మూడు మార్కులు తక్కువయ్యాయి, రెండోసారి రెండు.

మా ఆవిడ దీన్ని అభివృద్ధి అంది. దెప్పిందనే అనుకుని ఆ పూట మాట్లాడలేదు.

మా కంపెనీలో ఈ పరీక్షకి ఎవరికైనా మూడే అవకాశాలు. ప్యాసైతే ఇన్‌స్పెక్టర్ని అవుతాను. ఇతరులు చేసిన పని చూసి, ఇంగ్లీషులో రిపోర్టు రాయాలి, లిఫ్టు అడుగునుండే గుంతలోకి దిగక్కర్లేదు. తప్పితే స్టోరు గదిలో కూర్చుని అడిగినవాళ్లకి నట్లూ బోల్టులూ అందించాలి. నా కుడి మోకాలు అరిగిపోయింది మరి. నిచ్చెనలెక్కడం, గుంతల్లోకి దిగడం ఈ ఏడాదితో ఆపాల్సిందేనని డాక్టరు తేల్చేశాడు. ఆ స్టోరుకి ఒక్క కిటికీ లేదు. అక్కడికి ఏ లిఫ్టు చప్పుడూ వినపడదు. ఆ గదిని తలుచుకుంటేనే నాకు ఊపిరాడేది కాదు.

చదివిస్తానని మా ఆవిడ ముందుకొచ్చింది. మూడో రోజుకి ఇద్దరం మాట్లాడుకోవడం మానేశాం. సంసారం ముఖ్యమని చదువు ఆపేశాం.

సరిగ్గా అప్పుడే మా అత్తగారు కంటి ఆపరేషన్ చేయించుకుని, కోలుకునేదాకా ఉండడానికి మా ఇంటికి వచ్చారు. ఆవిడ ముప్పై రెండేళ్లు కోర్టులో స్టెనోగా పనిచేసి రిటైరయ్యారు. సాక్షి చెప్పింది చెప్పినట్టు టైపు కొట్టడం, చెప్పనిది ఒక్క అక్షరం కూడా కొట్టకపోవడం ఆవిడ ఉద్యోగం. ఇప్పుడు కళ్లకి పెద్ద నల్లద్దాలు. నాలుగు వారాలు చదవకూడదు, టీవీ చూడకూడదు.

నాకూ ఆవిడకీ మాటలు తక్కువ. పదకొండేళ్లలో మేం మాట్లాడుకున్నదంతా రాస్తే అరకాగితం నిండదు. పెళ్లి మాటలకని మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆవిడ నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, మీరు రోజూ లిఫ్టు గుంతలోకి దిగుతారా అని. అవునన్నాను. ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయారు. మేం బయల్దేరేదాకా మళ్లీ రాలేదు. గోళ్లలో గ్రీజున్నవాడికి పిల్లనివ్వడం ఆవిడకి ఇష్టం లేదని ఆ క్షణమే నాకు అర్థమైపోయింది. పెళ్లి జరిగింది గానీ ఆ ముల్లు గుచ్చుకునే ఉంది.

దానికి తోడు ఆ ఫోను. రోజూ సాయంత్రం ఆరున్నరకి కూతురికి ఫోన్ చేసి, అల్లుడుగారు ఇంటికొచ్చారా అని అడిగేవారు. వచ్చారమ్మా అని మా ఆవిడ చెప్పగానే పెట్టేసేవారు. మేస్త్రీ కూలీలకి హాజరు వేసినట్టు. నేను పక్కనే కూర్చుని పళ్లు కొరుక్కునేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున్న హాల్లో కూర్చుని ప్రాక్టీసు పుస్తకం పైకి చదువుకుంటున్నాను. ఆ పుస్తకంలో ఒక పేరా ఉంటుంది. కింద కొన్ని వాక్యాలు, ఒక్కోదానికి మూడేసి గడులు. నిజం, అబద్ధం, పేరాలో చెప్పలేదు. పేరాని బట్టి ఏదో ఒక గడి నింపాలి. ఆ మూడో గడిని నేను ఎప్పుడూ ముట్టుకున్న పాపాన పోలేదు. అది పిరికివాళ్ల కోసం పెట్టారని నా నమ్మకం. మూడో అంతస్తులో కుదుపు వస్తోందని వాచ్‌మన్ ఫోన్లో సగం చెప్పేసరికే మిగతా సగం చెప్పేసేవాణ్ణి నేను. పదింట తొమ్మిదిసార్లు నేను చెప్పిందే అయ్యేది.

ఆ రోజు పేరాలో ఒక బేకరీ ఆయన మంగళవారం దుకాణం తొందరగా మూసి, చేతిలో ఒక డబ్బాతో రైల్వే స్టేషన్‌కి వెళ్లాడు. కింద వాక్యం, అతను కూతుర్ని కలవడానికి వెళ్లాడు అని. నిజం గడి నింపాను.

"కూతురు ఏ వాక్యంలో ఉంది?" అని వినిపించింది. తలెత్తితే అత్తగారు. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని అంతా వింటున్నారు.

దుకాణం కట్టేసి డబ్బా పట్టుకుని స్టేషన్‌కి వెళ్లేవాడు కూతురి కోసం కాకపోతే ఇంకెవరి కోసం వెళతాడండీ అన్నాను. ఆ డబ్బాలో ఏముందో పేరాలో ఉందా అని అడిగారు. లేదన్నాను. అతనికి పెళ్లయినట్టు ఉందా అన్నారు. అదీ లేదు. "పెళ్లయిందో లేదో తెలియనివాడికి మీరు కూతుర్ని కని ఇచ్చారు" అని ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయారు. లోపల మా ఆవిడ పగలబడి నవ్వడం వినిపించింది.

మర్నాడు పొద్దున్న ఐదున్నరకి నేను పుస్తకం తెరిచేసరికి ఆవిడ అదే కుర్చీలో సిద్ధంగా ఉన్నారు. నేర్పిస్తానని ఆవిడ అనలేదు, నేర్పించమని నేను అడగలేదు. నేను పైకి చదవడం, జవాబు చెప్పడం, ఏ వాక్యంలో ఉందని ఆవిడ అడగడం. ఎవరి మొహం చూసినా సంగతి పట్టేస్తానని నాకు పేరు. ఆ నల్లద్దాల వెనక మాత్రం ఏమీ కనపడేది కాదు. రోజూ గంటసేపు నా తల ప్రాణం తోకకొచ్చేది. ఆవిడ గొంతు పెంచేవారు కాదు, మెచ్చుకునేవారూ కాదు. రెండు వారాలు తిరిగేసరికి పదింట ఆరు సరిగ్గా చెబుతున్నాను. ప్యాసు కావాలంటే ఏడు రావాలి.

పరీక్ష ఇంకో నాలుగు రోజులుందనగా ఒక పేరా వచ్చింది. ఒకావిడ వరండాలో కూర్చుని ఉంటుంది. పక్కింటికి కొత్తగా దిగినాయన వచ్చి పలకరిస్తాడు. ఒక మాట అడిగి, ఆవిడ లేచి లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటుంది. ఆమెకి అతనంటే ఇష్టం లేదు, అని కింద వాక్యం. నిజం అన్నాను.

"ఏ వాక్యంలో ఉంది?"

లేచి లోపలికి వెళ్లిపోయిందిగా, అంతకంటే ఇంకేం చెప్పాలి అన్నాను. వెళ్లిందని ఉంది, ఎందుకు వెళ్లిందో లేదు అన్నారు. ఎందుకో నాకు తెలుసన్నాను. ఎలా తెలుసని అడిగారు.

"మీరు వెళ్లలేదా?" అనేశాను.

నాలుక కరుచుకున్నా లాభం లేకపోయింది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.  అత్తగారు అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. ఆపరేషన్ అయిన కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. పదకొండేళ్లలో ఆవిడ నా మొహంలోకి నేరుగా చూడడం నాకు తెలిసి అదే మొదలు.

"మొదటిసారి మీరు మా ఇంటికొచ్చిన వారమే కోర్టులో ఒకావిడ సాక్ష్యం కొట్టాను" అన్నారు. "భర్త లిఫ్టు మెకానిక్. అతను గుంతలో ఉండగా పైన ఎవరో బటన్ నొక్కారు. రోజూ ఆరున్నరకి ఇంటికొచ్చే మనిషట. ఆరున్నరయింది, ఏడయింది, ఏడున్నరయింది అని ఆవిడ చెబుతూనే ఉంది. నేను కొడుతూనే ఉన్నాను. మధ్యలో చెయ్యి ఆగకూడదు. మీరు అవుననగానే ఇక అక్కడ కూర్చోవడం నా వల్ల కాలేదు. లోపలికెళ్లి ఏడ్చాను."

ఆ సంగతి మాతో చెప్పి ఉండొచ్చు కదా అని గొణిగాను.

"శుభమా అని పెళ్లి మాటలకొచ్చినవాళ్లకి అది చెప్పమంటారా? అమ్మాయికీ చెప్పలేదు. చెబితే రోజూ అదీ గడియారం చూస్తూ కూర్చుంటుంది. ఆ కూర్చునేదేదో నేనే కూర్చున్నాను." ఆవిడ కన్ను తుడుచుకున్నారు. "మీరంటే ఇష్టం లేదని పదకొండేళ్లలో ఎప్పుడన్నాను? చూపించండి. ఇంటికొచ్చారా అని రోజూ అడిగాను. అది ఉంది. ఉన్నది మీరు చదవలేదు."

మా ఆవిడ చేతిలో తడిగిన్నెతో గుమ్మంలో నిలబడిపోయింది. నాకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా దుఃఖం వచ్చింది. పదకొండేళ్లు ఒక మనిషి రోజూ ఆరున్నరకి నా ప్రాణం కోసం గడియారం చూస్తే, నేను ఆవిణ్ణి మేస్త్రీని చేశాను. రబ్బరు తీసుకుని నింపిన గడి చెరిపేశాను, మూడో గడి నింపాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని, తర్వాతది చదవండి అన్నారు.

పరీక్ష హాల్లో మూడో భాగం తిప్పాను. పేరా ఒక పాత భవనంలోని లిఫ్టు గురించి. దాన్ని ఎప్పుడు బిగించారు, తలుపు ఎలా ఉండేది, ఎంతమంది ఎక్కేవాళ్లు, అంతా ఉంది. కింద ఒక వాక్యం. తాడు తెగితే ఆ లిఫ్టు కిందికి పడిపోతుంది. పచ్చి అబద్ధం. తాడు తెగినా లిఫ్టు పడదు. అడుగునుండే కోరలు రెండువైపులా పట్టాల్ని కరిచి పట్టుకుంటాయి. ఆ కోరల్ని ఈ చేతులతో ఎన్నిసార్లు బిగించానో లెక్క లేదు. పెన్సిలు దానంతటదే అబద్ధం గడి మీదికి వెళ్లింది.

ఏ వాక్యంలో ఉంది?

పేరా మళ్లీ చదివాను. తాడు ఉంది. తెగడం గురించి లేదు, కోరలు లేవు, పడడం గురించి లేదు. వేలు పెట్టుకుని ఇంకోసారి చదివాను. లేదు. పందొమ్మిదేళ్ల అనుభవాన్ని గుటక వేసి మింగి, మూడో గడి నింపాను. నా వృత్తికి ద్రోహం చేసినట్టే అనిపించింది.

ఒక్క మార్కుతో గట్టెక్కాను. ఆ మార్కు ఏదో నాకు తెలుసని చెప్పను. ఫలితం వచ్చేసరికి అత్తగారు వాళ్ళింటికి వెళ్లిపోయారు. మా ఆవిడే ఫోన్లో చెప్పింది. సరే, ఎప్పటి నుంచి చేరాలట అని మాత్రం అడిగారట.

ఇన్‌స్పెక్టరుగా మొదటి రోజు నాలుగు లిఫ్టులు చూశాను. గుంత పైన నిలబడి టార్చి వేసి చూసి, ఇంగ్లీషులో నాలుగు రిపోర్టులు రాశాను. చూసింది మాత్రమే రాశాను. ఆరుంబావుకి ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే మా ఆవిడ ఫోన్ పక్కన కూర్చున్నాను. ఆరున్నరయింది. ఫోన్ మోగలేదు. ఇక గుంతలోకి దిగడు కదా, అడగాల్సిన పని లేదనుకుని ఉంటారని అనుకోబోయి, ఆగి, నేనే నంబరు నొక్కాను.

"అత్తయ్యగారూ, నేనండీ. ఇంటికొచ్చాను."

అటువైపు చప్పుడు లేదు.

"గుంతలోకి దిగలేదు. ఇక దిగను."

 ఊపిరి మాత్రం వినిపిస్తోంది. అదేమిటో నాకు తెలిసినట్టే ఉంది. అయినా అడిగాను.

"ఏడుస్తున్నారా?"

"అవును" అన్నారావిడ. "రాసుకోండి."