వరహాలు కాలు విరిగిన వారం

వరహాలు కాలు విరిగిందని సెలవు చీటీ రాసింది నేనే. మా పోర్టు ఆఫీసులో సగం మంది దువ్వాడ అవతలి పల్లెలవాళ్లు. పొద్దున్నే మడికి నీళ్లు కట్టి, కాళ్లు కడుక్కుని పాసింజరు ఎక్కుతారు. శ్రావణంలో వాన పడిందా, ఇక ఆఫీసులో జ్వరాలూ చావులూ మొదలు. నిరుడు వరహాలు అత్తగారిని చంపేసి నాలుగు రోజుల సెలవు తీసుకున్నాడు. జీతాలరోజున ఆవిడే వచ్చి గేటు దగ్గర నిలబడింది. ఇంకో అబద్ధం దొరికితే ఉద్యోగం ఊడుతుందని మా మేనేజరు గురునాథరావు గారు కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. అందుకే ఈసారి మనుషుల జోలికి పోకుండా కుడికాలు రాశాను.

ఆ వారమే ఇనుపరాయి ఎత్తుకెళ్లే ఓడ పనిమీద ఒగురా అనే జపాను ఇంజనీరు వచ్చాడు. ఊరు చూపిస్తామంటే, సముద్రం వద్దు, వరి మడి చూస్తానన్నాడు. గురునాథరావు గారు జీపు తీయించి, గొడుగు పట్టడానికి నన్ను ఎక్కించుకున్నారు. సబ్బవరం రోడ్డు పొడుగునా వరి మళ్లే. మా డ్రైవరు, వాడి మొహం మండ, సరిగ్గా వరహాలు మడి పక్కనే ఆపాడు.

మోకాళ్లలోతు బురదలో నిలబడి వరహాలు నారు కట్టిన ఆకుమోపులు విసురుతున్నాడు. వాడి పెళ్లాం అసిరమ్మ, మరో పదిమంది ఆడవాళ్లు ఆ నారు నాటుతూ ఉడుపులు ఉడుస్తున్నారు. నాకు పై ప్రాణాలు పైనే పోయాయి.

“విరిగిన కాలేదిరా?” అన్నారు గురునాథరావు గారు.

“నానేటి సెయ్యను బాబూ, బురదలో ఉంది. నాటువైద్యం, కదపొద్దన్నారు.”

అసిరమ్మకు జంకు లేదు. గట్టు మీదికొచ్చిన పెద్దమనిషి నాలుగు మొక్కలు నాటందే కదలకూడదని, గురునాథరావు గారి బూట్లకు అడ్డంగా ఆకుమోపు పెట్టేసింది. ఆయన మొహం కందగడ్డయింది. ఈలోపు ఒగురా ప్యాంటు మడిచి దిగనే దిగాడు. నాటుకుంటూ ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. వాళ్లది టోక్యోకి రైల్లో గంట దూరమట. పొద్దున్నే ఊరంతా టైలు కట్టుకుని రైలెక్కుతుందట. ఉడుపుల వారంలో మాత్రం అందరికీ నడుం నొప్పులట, మేనేజరుకైతే అందరికన్నా ముందే వస్తుందట.

అతిథి దిగాక తాను గట్టు మీద నిలబడితే ఏం బాగుంటుంది? గురునాథరావు గారూ దిగారు. ఒగురా వరస కన్నా ఆయన వరసే తిన్నగా వచ్చింది. ఎక్కడ నేర్చారని అసిరమ్మ అడిగితే, “కంచరపాలెంలో మా అమ్మ దగ్గర. ఆ మళ్లలో ఇప్పుడు ఇళ్లున్నాయి,” అన్నారు. ఆయన్ని చూసి పదేళ్లలో మొదటిసారి నాకు జాలేసింది.

జీపు ఎక్కబోతూ వరహాలును పిలిచారు. వాడు కుంటుకుంటూ వచ్చాడు, అదీ నేను చీటీలో రాయని ఎడమకాలు.

“డ్యూటీకి ఎప్పుడొస్తావురా?”

“సోమారం వచ్చెత్తాను బాబూ.”

ఆయన మడికేసి చూశారు.

“ఇంకా మూడు మళ్లున్నాయి గదరా. బుధారం దాకా ఎముక అతకదు,” అన్నారు.