బెన్హర్ ముక్కూ, ఎండు నెత్తళ్ళూ

బెన్హర్ కోటబొమ్మాళిలో పశువుల ఆసుపత్రి అసిస్టెంటు. ఈనిన గేదెకి మాయ పడకపోతే చొక్కా విప్పి, భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, అరగంట కష్టపడి ఊడదీస్తాడు. ఆ తర్వాత సబ్బుతో చెయ్యి కడుక్కుని, ఆ గేదె పక్కనే నిలబడి పకోడీలు తింటాడు.

అలాంటి మనిషికి ఎండుచేపల వాసన పడదు.

ఎందుకు పడదో ఎవరికీ తెలీదు. పుట్టింది గజపతినగరంలో. వాళ్ళింట్లో అందరూ తింటారు. ఇతను మాత్రం చిన్నప్పటినుంచీ ముక్కు మూసుకుని వీధిలోకి పరిగెత్తేవాడు. పెద్దయ్యాక పరిగెత్తడం మానేసి, మిగతావాళ్ళని పరిగెత్తించడం మొదలుపెట్టాడు.

భార్య కృపారాణిది భావనపాడు దగ్గర సముద్రం ఒడ్డు ఊరు. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, కట్టిపరిగెలు తిని పెరిగిన పిల్ల. పెళ్ళయిన వారానికి తల్లి సత్యవతి ఒక డబ్బానిండా నెత్తళ్ళు పట్టుకొచ్చింది. బెన్హర్ ఆ డబ్బాని రెండు వేళ్ళతో పట్టుకుని ప్రహరీగోడ అవతల పెట్టి వచ్చాడు. అత్తగారి ఎదురుగానే. ఆవిడ కొంగు దులుపుకుని మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయింది.

అప్పటినుంచీ ఇంట్లో ఎండుచేప వండకూడదు. కృపారాణి నెలకోసారి పుట్టింటికి వెళ్ళి తినొచ్చేది. తిరిగొచ్చినప్పుడు గుమ్మంలోనే ఆపేసేవాడు.

"తలంటుకుని లోపలికి రా. జుత్తంతా అదే కంపు."

"గేదె పేడ కంపు కాదేటి?"

"అది డూటీ."

ఇలా ఏడేళ్ళు గడిచాయి.

రెండోసారి కరోనా ఊరిమీద పడినప్పుడు బెన్హర్‌కి అయిదు రోజులు జ్వరమొచ్చి తగ్గింది. ఆరో రోజున ఇంగువ డబ్బా వాసన చూస్తే ఏమీ తెలియలేదు. ఉల్లిపాయ చితక్కొట్టి చూశాడు. ఏమీ లేదు. అన్నం తడిపిన దూదిలా ఉంది. మామిడిపండు తియ్యటి బురదలా ఉంది. బెంగతో మనిషి సగమయ్యాడు.

పాస్టరు జ్ఞానానందంగారు రోజూ ఫోనులో ప్రార్థన చేసేవారు. "ప్రభువా, మా బెన్హర్‌కి ఘ్రాణశక్తిని తిరిగి దయచెయ్యి తండ్రీ." ఫోను స్పీకరులో ఉండేది. ఆయన ఆమెన్ అన్నాక బెన్హర్ గట్టిగా ఆమెన్ అనేవాడు. కృపారాణి కూడా అనేది గానీ, మనసులో వేరే దరఖాస్తు పెట్టుకునేది. ప్రాణం తిరిగిచ్చినందుకు నీకు స్తోత్రం ప్రభువా, ముక్కు విషయంలో మాత్రం తొందరేం లేదు.

దేవుడు కొన్నాళ్ళు ఆవిడ మాటే విన్నాడు.

కృపారాణి ఆత్రపడే మనిషి కాదు. ముందు నెత్తళ్ళ పొట్లం ఒకటి తెప్పించి, రాత్రి అతని తలగడ కింద పెట్టి చూసింది. హాయిగా గురక పెట్టాడు. మర్నాడు మధ్యాహ్నం బాండీ పొయ్యి మీద పెట్టింది.

"ఏటైనా వాసనొస్తందా బావా?" అని వంటింట్లోంచి కేకేసింది.

"ఏటొస్తాది? నా ముక్కు సచ్చిపోనాదని ఊరంతా తెలుసు. ఏటి వండతన్నావు?"

"బంగాళాదుంపలు."

నూనె చిటపటలాడింది. పక్కింటి పిల్లి కిటికీలోకి దూకింది. దాన్ని చూసి బెన్హర్‌కి అనుమానమొచ్చింది. బంగాళాదుంపల కోసం పిల్లి రాదు. లేచి వెళ్ళి చూస్తే, బాండీలో నెత్తళ్ళు ఎర్రగా వేగుతున్నాయి. కృపారాణి ఒకటి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని నములుతోంది.

"ఒసే! నాకు రోగమొస్తే నీకు పండగేటే?"

"నీకు వాసన రాదు కదా. మరి నీ బాధేటి?"

బెన్హర్ పిల్లిని అదిలించి, వెళ్ళి కంచం ముందు కూర్చున్నాడు.

ఆవిడ చద్దన్నంలో గంజి పోసుకుని, ఉల్లిపాయ కొరుకుతూ, నెత్తళ్ళు కరకరలాడిస్తూ అతని ఎదురుగానే తింది. ఆ కరకర చెవుల్లోకి వెళ్ళింది. మూడు వారాలుగా అతని నోట్లో దేనికీ చప్పుడు లేదు, రుచి లేదు. తన కంచంలో ఉన్న పప్పూ అన్నమూ చూసుకున్నాడు.

"ఒకటి ఇలాగివ్వు."

"ఏటీ?"

"చెవుడా? ఒకటి ఇమ్మంతన్నాను."

కృపారాణి నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడింది. ఒకటి అతని కంచం అంచున పెట్టింది. బెన్హర్ మందుబిళ్ళ మింగేవాడిలా మొహం పెట్టి నోట్లో వేసుకున్నాడు. కరకరమంది. తర్వాత ఉప్పు. ఆ తర్వాత నాలుక మీద కారం చురుక్కుమంది. ముక్కు పోయినా నాలుకకి ఉప్పూ కారమూ మిగిలే ఉన్నాయని అతనికి అప్పటిదాకా తెలీదు, ఎందుకంటే రోగిష్టివాడని కృపారాణి అన్నీ చప్పగానే వండుతోంది. ఇరవై రోజుల తర్వాత నోట్లో ఏదో జరిగింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏటయ్యింది బావా? ముల్లా?"

"ఇంకో నాలుగెయ్యి."

ఆ రోజునుంచి ఇంట్లో కట్టుబాట్లు మారిపోయాయి. సత్యవతి పంపిన పొట్లాలు పలాస బస్సులో రావడం మొదలైంది. వంకాయలో నెత్తళ్ళు, మామిడికాయలో రొయ్యలు. బెన్హర్ అన్నీ తిన్నాడు. "వాసన తెలీదు కాబట్టి తింటన్నాను" అని మాత్రం ప్రతి ముద్దకీ ముందు చెప్పేవాడు, ఎవరూ అడక్కపోయినా.

అక్టోబరులో ఒకరోజు జగన్నాధం అనే రైతు గేదెకి మాయ పడలేదని కబురొచ్చింది. మూడో రోజు అది. బెన్హర్ చొక్కా విప్పి చెయ్యి లోపలికి పోనిచ్చాడు. ఉన్నట్టుండి ముక్కులోపల ఎక్కడో మూత తీసినట్టయింది. కుళ్ళిన మాయ వాసన. పేడ వాసన. తడి గడ్డి, డెట్టాలు, జగన్నాధం చుట్ట, అన్నీ ఒక్కసారే వచ్చి మీద పడ్డాయి. చెయ్యి గేదెలోనే ఉంచి బెన్హర్ ఏడ్చేశాడు.

"ఏటి డాట్రుబాబూ, ఏడస్తన్నారు? గేదె పోతాదేటి?" అని జగన్నాధం కంగారుపడ్డాడు.

"కంపు కొడతంది జగన్నాధం! ఎంత కంపో!"

"మూడు రోజులైపోనాది, కొట్టదా మరి," అన్నాడు జగన్నాధం, నొచ్చుకుని.

మోటారు సైకిలు మీద పాట పాడుకుంటూ ఇంటికొచ్చాడు. వీధి మలుపులోనే అర్థమైంది, ఇంట్లో ఏం వండిందో. వంకాయ నెత్తళ్ళు. ఏడేళ్ళు ఇంటి బయట నిలబెట్టిన వాసన గుమ్మంలో ఎదురొచ్చింది. చెప్పులు విప్పడం మానేసి అక్కడే నిలబడ్డాడు. అయితే నోట్లో నీళ్ళూరాయి. ముక్కు పొమ్మంటోంది, నోరు రమ్మంటోంది. జన్మలో ఎప్పుడూ ఇంత అయోమయంలో పడలేదు.

కంచం ముందు కూర్చుని మొదటి ముద్ద ఊపిరి బిగపట్టి మింగాడు. రెండోది సగం ఊపిరితో. మూడో ముద్దకి మామూలుగా గాలి పీల్చాడు. నాలుగు నెలలుగా తిన్నది సగం కూరేనని అప్పుడు తెలిసింది. మిగతా సగం ఆ వాసనలోనే ఉంది. రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు.

ముక్కు తిరిగొచ్చిందని మాత్రం చెప్పలేదు. చెబితే ఏడేళ్ళ బట్టీ తను చేసిన గోలంతా ఏటని అడుగుతుంది. అడిగితే చెప్పడానికేమీ లేదు.

ఆ రహస్యం పదిహేను రోజులు ఆగింది. ఒక గురువారం సాయంత్రం జ్ఞానానందంగారు నలుగురు సంఘస్థుల్ని వెంటబెట్టుకుని ఇంట్లో ప్రార్థన కూటానికి వచ్చారు. కృపారాణి టీకి పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుంది. అందరూ కళ్ళు మూసుకున్నారు. పాస్టరుగారి ప్రార్థన ఆదికాండం దగ్గర మొదలైంది. ఎంతకీ బెన్హర్ ముక్కు దాకా రాలేదు. వచ్చాక కూడా తొందరగా వదల్లేదు.

"ఈ నాసికా రంధ్రాల్లో నీవే ఊపిరి ఊదితివి తండ్రీ, ఇప్పుడే, ఈ ఘడియలోనే..."

"కృపా, పాలు మాడతన్నాయే," అన్నాడు బెన్హర్ కళ్ళు మూసుకునే.

పాస్టరుగారు చేతులు పైకెత్తి "స్తోత్రం!" అని కేకపెట్టారు. నలుగురూ "స్తోత్రం!" అన్నారు. ఒకావిడ పాట ఎత్తుకుంది. అద్భుతం జరిగిందని అందరూ బెన్హర్ ముక్కుని దగ్గర్నుంచి చూశారు. ఆదివారం సాక్ష్యం చెప్పి తీరాలన్నారు పాస్టరుగారు. ఈ హడావిడిలో పాలు పూర్తిగా మాడిపోయాయి.

అందరూ వెళ్ళాక కృపారాణి గిన్నె తోముతూ, తల తిప్పకుండా అడిగింది.

"నిన్న నెత్తళ్ళు ముక్కవాసనొస్తన్నాయని నువ్వే పక్కన పెట్టినావు. ముక్కొచ్చి ఎన్నాళ్ళయిపోనాది?"

"పదిహేను రోజులు."

"మరి తింటన్నావు."

"బాగుంటన్నాయి."

అతను నవ్వబోయాడు. ఆవిడ నవ్వలేదు.

"ఏడేళ్ళు గుమ్మంలో నిలబెట్టినావు. ఇరుగూపొరుగూ సూస్తంటే తలంటుకుని లోపలికెల్లేదాన్ని. మా అమ్మ మల్లీ ఈ గుమ్మం తొక్కనేదు. ఇప్పుడు బాగుంటన్నాయేటి?"

బెన్హర్ ఆమె చేతిలోంచి గిన్నె తీసుకుని తనే తోమాడు. అడుగంటిన మాడు చాలాసేపు వదల్లేదు.

ఆదివారం గుడిలో సాక్ష్యానికి పిలిచారు. బెన్హర్ లేచి గొంతు సవరించుకున్నాడు. "ప్రార్థనకి పదిహేను రోజుల ముందే నా ముక్కొచ్చీసింది," అన్నాడు. పాస్టరుగారి మొహం మారిపోయింది. "నాను దాసినాను. ఎందుకంటే, ఏడేళ్ళు నా పెళ్ళాన్ని ఎండుచేపలు తిననివ్వనేదు. మా అత్త తెచ్చిన డబ్బా గోడవతల పెట్టీసినాను. ఇప్పుడు రోజూ రెండుసార్లు నానే తింటన్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నాను సెయ్యనేదు."

ఆడవాళ్ళ వైపునుంచి గట్టిగా "ఆమెన్!" వినిపించింది. కృపారాణి కాదు. ఎవరో ముసలావిడ. గుడంతా నవ్వింది. "కూర్చో నాయనా," అన్నారు పాస్టరుగారు, పాటల పుస్తకం తెరుస్తూ.

తర్వాతి శనివారం ఇద్దరూ అత్తారింటికి వెళ్ళారు. బెన్హర్ అరుగు మీద కూర్చుని సత్యవతికి క్షమాపణ చెప్పబోతే ఆవిడ ఆపేసింది.

"సాక్ష్యం సెప్పీసినావట కదా, ఫోనులో విన్నాను. ముందు అన్నానికి రా."

నెత్తళ్ళు వడ్డించింది. మళ్ళీ వడ్డించింది. అల్లుడు వేళ్ళు నాకడం చూసి ఆవిడకి హుషారొచ్చింది. అటక మీంచి ఇంకో డబ్బా దింపి మూత తీసింది. ఎండు సొరచేప ముక్క. ఆ ఘాటు మూత లేచీ లేవగానే గదంతా కమ్మేసింది. బెన్హర్ ఎంగిలిచేత్తోనే లేచి, ముక్కు మూసుకుని ఇసకలోకి పరిగెత్తాడు.

"ఏటే, అల్లుడికి పడదేటి?" అంది సత్యవతి.

"పడతాదమ్మా," అంది కృపారాణి, అతని కంచంలో మిగిలిన నెత్తళ్ళు తన కంచంలోకి వేసుకుంటూ. "రెండు మూడేళ్ళు పడతాది."