అరతోక

“నీ కుక్క నెత్తురు కక్కుతోంది. కడిగేదెవరు?” అని పెరట్లోంచి అత్తగారు అడిగినప్పుడు ఆమె ఉల్లిపాయలు తరుగుతోంది. ఆ మధ్యాహ్నం భర్త పై అధికారీ, ఆయన భార్యా భోజనానికి వస్తున్నారు. వారమంతా బడిలో పిల్లలతో గొంతు చించుకునే ఆమెకు సెలవురోజంటే ఇంకాస్త పెద్ద వంట, అంతే.

చాకు వదిలేసి పరుగెత్తింది. బట్టలుతికే చోట గోడవారగా అరతోక పడి ఉంది. వానకాలంలో మురుగుకాలువలో కొట్టుకుపోతుంటే గొడుగు పారేసి, రెండు చేతులా ఎత్తి తెచ్చుకున్న కుక్కపిల్ల అది. ఏ బండి కిందో సగం తోక పోయింది, అందుకే ఆ పేరు. మిగిలిన సగాన్నే, ఆమె బడి నుంచి రాగానే ఒళ్ళంతా ఊగిపోయేలా ఊపేది. ఆ ఇంట్లో ఆమె కోసం ఎదురుచూసే ప్రాణి అదొక్కటే. మిగతావాళ్ళు ఎదురుచూసేది టీ కోసం.

వీధికుక్కలవి గట్టి ప్రాణాలనీ, వచ్చినవాళ్ళు వెళ్ళాక చూద్దామనీ భర్త పేపరు దించకుండానే అన్నాడు. ఆమె పాత దుప్పట్లో దాన్ని చుట్టి, ఉల్లి వాసన చేతులతోనే టాక్సీ ఎక్కింది. బండి ఆగినప్పుడల్లా దాని పక్కటెముకల మీద చెయ్యి వేసి చూసుకుంది, లేస్తున్నాయా లేదా అని.

పశువుల ఆసుపత్రిలో డాక్టరమ్మ దాని పెదవి ఎత్తి చిగుళ్ళు చూసింది. తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

“ఎవరిదమ్మా?”

“నాది,” అని, తన మాటకు తనే ఉలిక్కిపడింది ఆమె. పెళ్ళయ్యాక ఆ మాట దేని గురించీ అనలేదు. ఇల్లు ఆయనది, వంటిల్లు ఇప్పటికీ అత్తగారిదే, జీతమైతే వచ్చిన రోజే అందరిదీ.

నరం దొరకక ఒక కాలు వదిలి ఇంకో కాలికి సెలైన్ ఎక్కించారు. మూతికి ఆక్సిజన్ పెట్టారు. ఈలోగా ఫోను మోగింది. పెద్ద గిన్నె ఎక్కడుందని భర్త. పై అరలో ఉందని చెప్పి, ఫోను పెట్టేసింది. అరతోక కళ్ళు తెరిచి ఆమె వేలు నాకింది.

“తేరుకుంటోంది కదండీ?”

అంతలోనే దాని తల వాలిపోయింది. డాక్టరమ్మ దాని రొమ్ము మీద అరచేత్తో నొక్కడం మొదలుపెట్టింది. చాలాసేపు నొక్కింది. చివరికి స్టెతస్కోపు పెట్టి విని, మెల్లగా చెవుల్లోంచి తీసేసింది. “మీరేం ఆలస్యం చెయ్యలేదమ్మా. జబ్బే అలాంటిది,” అంది.

ఆసుపత్రి వెనక మట్టిలో పూడ్చి ఆమె ఇల్లు చేరేసరికి భర్త గుమ్మంలోనే ఉన్నాడు. సగం వంట తాను పూర్తిచేశాననీ, మిగతాది త్వరగా కానివ్వమనీ అత్తగారు లోపలి నుంచి అంది. కుక్క పోయిందని చెబితే భర్త, “పోతే పోయిందిలే. ఇంకోటి దొరక్కపోతుందా?” అన్నాడు.

ఆ మాట ఆమెకు కొత్త కాదు. నాలుగో నెలలో కడుపు పోయినప్పుడూ ఇలాగే అన్నారు, ఇంకోటి పుట్టకపోతుందా అని. అప్పుడామె బాత్రూములో కుళాయి తిప్పి, నీళ్ళ చప్పుడు చాటున ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి అందరికీ వడ్డించింది. ఆ ఏడుపు సగంలోనే ఆగిపోయింది.

ఆమె వంటింట్లోకి వెళ్ళలేదు. మట్టి బట్టలతోనే ముందుగదిలో, కొత్త గుడ్డ పరిచిన సోఫాలో కూలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. బయట కారు ఆగింది.

“లోపలికెళ్ళు. వాళ్ళొచ్చేశారు,” అన్నాడు భర్త గొంతు తగ్గించి.

“రానివ్వండి,” అంది ఆమె, కళ్ళు తుడుచుకోకుండా. “ఎందుకేడుస్తున్నావని ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. వాళ్ళైనా అడుగుతారేమో. చెప్తాను. ఇద్దరి గురించీ చెప్తాను.”