రాగి పడిన రోజు

మిక్సీ ప్లగ్గు పీకేసి, అక్కడ తన ఫోను ఛార్జరు పెట్టాడు మా మరిది. సగం నలిగిన మసాలా జారులోనే ఉండిపోయింది.

"ఎవరు తీశారిది?" అన్నాను, ఎవరో తెలిసే.

"ఐదు నిమిషాలు వదినా. ఫోను చచ్చిపోతోంది."

"చావనీ. నీ గదిలో ప్లగ్గు లేదూ?"

"లూజుగా ఉంది."

"ఊళ్ళోవాళ్ళ మోటార్లన్నీ బాగుచేస్తావు, నీ ప్లగ్గు నువ్వు బిగించుకోలేవా?"

"ఇంట్లో పనికి కూలి ఎవరిస్తారు వదినా?"

హాల్లోంచి అత్తయ్య అందుకుంది. "ఆ ఫోనుకి పెట్టిన తిండిలో సగం నాకు పెడితే ఇంకో పదేళ్ళు బతుకుతాను."

మరిది నవ్వలేదు. అదే నాకు వింతగా తోచింది. వాళ్ళమ్మ నోరు తెరిస్తే చాలు, పడీపడీ నవ్వే మనిషి. ఫోను పట్టుకుని ఫ్రిజ్ పక్కన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. భుజం మీదుగా చూస్తే తెర మీద ఎర్రటి అంకెలు. నన్ను చూసి ఫోను బోర్లా పెట్టేశాడు.

వంటింట్లోకి ఎందుకొచ్చాడో అప్పుడర్థమైంది. మా ఆయన అడుగుపెట్టని చోటు ఇల్లు మొత్తంలో ఇదొక్కటే.

అన్నదమ్ములిద్దరిదీ మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన మోటారు విప్పి, పాత తీగ తీసేసి, కొత్త రాగి తీగ చుట్టిస్తారు. ఎక్కడో ఓడలు ఆగిపోయాయంటే ఇక్కడ రాగి ధర ఎగురుతోంది, ఎక్కడో ఫ్యాక్టరీ మూతపడిందంటే దిగుతోంది. పొద్దున చెప్పిన ధరని సాయంత్రానికి తీగ అమ్మేవాడే ఒప్పుకోడు. అందుకే కొన్నాళ్ళ కిందట మరిది ఓ మాటన్నాడు, ఫ్యూచర్స్‌లో రాబోయే నెలలకి కావలసిన రాగి ఇవాళ్టి ధరకే ముందే కొనిపెట్టుకుంటే ధర ఎంత పెరిగినా మనకి బెంగ ఉండదని. మా ఆయన "అది జూదం" అని కొట్టిపారేశాడు. మాట అక్కడితో ముగిసిందనుకున్నాం.

ఇంతలో షాపు గది అమ్మకానికొచ్చింది. నెలాఖరులోగా మేం కొనకపోతే వేరేవాళ్ళు కొంటారు, మేం ఖాళీ చేయాలి. దానికని కూడబెట్టిన డబ్బు అత్తయ్య పేరున బ్యాంకులో ఉంది. అందుకే ఆ ఎర్ర అంకెలు నా కంట్లో నలుసులా పడ్డాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర టీవీలో వార్తలు. రాగి బాగా పడిపోయిందన్నారు.

"హమ్మయ్య, మనకి మంచిదే," అంది అత్తయ్య.

మరిది ముద్ద నోటిదాకా వెళ్ళి ఆగింది. నేను కామర్స్ చదివి ఎక్కడా ఉద్యోగం చేయలేదు కానీ, ఈ లెక్కకి అంత చదువు అక్కర్లేదు. రాగి కొనుక్కునేవాడికి ధర పడితే సంతోషం కలగాలి. తనకి కావలసినంత ముందే ఫ్యూచర్స్‌లో కొనిపెట్టుకున్నవాడికి సంతోషమూ ఉండదు, దిగులూ ఉండదు. అక్కడ పోయింది తీగ ధరలో కలిసొస్తుంది. పడితే కుమిలిపోయేవాడు ఒక్కడే, వాడేదానికన్నా ఎక్కువ కొన్నవాడు.

చెయ్యి కడుక్కుంటున్న మా ఆయన దగ్గరికెళ్ళి మెల్లిగా చెప్పాను. "ఏమండీ, రాగి పడితే మీ తమ్ముడి మొహం ఎందుకు మాడిపోయిందో కనుక్కోండి."

తమ్ముడి సంగతి అడుగుతాడనుకున్నాను. "ఎంత పడిందన్నారు?" అన్నాడు. కుళాయి కట్టేయడం కూడా మర్చిపోయాడు. తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటూ, "అమ్మని రేపు ఓసారి బ్యాంకుకి తీసుకెళ్ళాలి. గది పని మీద" అన్నాడు.

గది ఓనరు నెలాఖరున చెక్కు తీసుకోవడానికి తనే ఇంటికొస్తానన్నాడు. రేపే తొందరేమిటి? ఇద్దరూ కలిసి అత్తయ్యకీ నాకూ గంతలు కడుతున్నారనిపించింది.

సాయంత్రం కూరలకని బయల్దేరి షాపుకెళ్ళాను. వార్నిష్ వాసన. బల్ల మీద పొట్ట విప్పిన నీళ్ళ మోటారు. మరిది కాయిల్ చుడుతున్నాడు, మా ఆయన గుమ్మం దగ్గర ఎవరితోనో ఫోనులో గుసగుసలాడుతున్నాడు. కస్టమర్ల కుర్చీలో టై కట్టుకున్న ఒకాయన దర్జాగా టీ తాగుతున్నాడు. బ్రోకరని పరిచయం చేసుకున్నాడు.

"కాస్త పడింది మేడమ్. మళ్ళీ లేస్తుంది," అన్నాడు నేనేమీ అడక్కుండానే.

"పడితే మాకు లాభమే కదండీ, కొనుక్కునేవాళ్ళం. మా మరిది ఎంత రాగి కొన్నాడేమిటి?"

మరిది చేతిలో తీగ ఆగిపోయింది.

"ఒకరి లెక్క ఇంకొకరికి చెప్పకూడదు మేడమ్," అన్నాడాయన గర్వంగా. "ఈయనది ఆయనకి చెప్పలేదు, ఆయనది ఈయనకి చెప్పలేదు. ఆ విషయంలో మేం చాలా కచ్చితం."

మా ఆయన ఫోను జేబులో పెట్టేశాడు.

"ఒరేయ్, నువ్వు కొన్నావా?"

"నువ్వూనా అన్నయ్యా? జూదమన్నావుగా!"

"నేను కొనలేదు. పుట్ ఆప్షన్లు అమ్మాను, ధర పడినా పాత ధరకే కొంటానని పూచీ ఇచ్చి ప్రీమియం తీసుకున్నాను. ఎలాగూ రాగి కొనేవాళ్ళమే, ధర పడకపోతే ప్రీమియం ఊరికే మిగులుతుందని ఈయనే అన్నాడు."

"పడితే?" అన్నాను.

"పడదన్నాడు."

"పడకపోవచ్చన్నాను సార్," అన్నాడు టై ఆయన, కప్పు కింద పెడుతూ.

వద్దన్న అన్నకి చెప్పలేక తమ్ముడు ఒక్కడే కొన్నాడు. వద్దని తానే అన్నాడు కాబట్టి తమ్ముడికి చెప్పుకోలేక అన్న ఆప్షన్లు అమ్మాడు. ఒకే షాపు రాగికి ఇద్దరూ వేర్వేరుగా పూచీ పడ్డారు. ధర దిగిన ప్రతిసారీ నష్టానికి సరిపడా మార్జిన్ డబ్బు కట్టమని ఫోనొస్తే షాపు రాబడిలోంచే చెరికాస్తా తీశారు. గల్లాపెట్టె తేలికైతే కాలం బాగాలేదనుకున్నాడు ప్రతివాడూ. నిజంగానే బాగాలేదు. ఫ్యాక్టరీలు ఒక్క షిఫ్టుతో నడుస్తున్నాయి, షాపుకి వాళ్ళనుకున్న రాగిలో సగం కూడా అక్కర్లేదు. తిలా పాపం తలా పిడికెడు.

మరి ఇద్దరి బేరాలూ తెలిసిన మూడో మనిషి? నేను అటు తిరిగేసరికి కుర్చీ ఖాళీ.

రాత్రి భోజనాలకి అందరం కూర్చున్నాం. సంగతంతా అత్తయ్యకి నేను ముందే చెప్పేశాను. సాయంత్రందాకా ఒకరి లెక్క ఒకరికి దాచినవాళ్ళు ఇప్పుడు రాముడూ లక్ష్మణుడూ.

"రెండు వారాలమ్మా," అన్నాడు మా ఆయన. "గది డబ్బులోంచి మార్జిన్ కట్టేస్తే చాలు. రాగి లేవగానే తిరిగి పెట్టేస్తాం."

"తప్పకుండా లేస్తుందమ్మా," అన్నాడు మరిది.

"నీకెవరు చెప్పారు?" అంది అత్తయ్య.

చెప్పిందెవరో నాకు తెలుసు.

అత్తయ్య నావైపు తిరిగింది. "కట్టకపోతే ఏమవుతుందే?"

"బ్రోకరే వీళ్ళ బేరాలు మూసేస్తాడత్తయ్యా. ఇప్పటిదాకా పోయింది పోతుంది."

"కడితే?"

"లేస్తే వస్తుంది. లేవకపోతే గది కూడా పోతుంది."

"వదినా, నువ్వు మరీ అనుమానం మనిషివి," అన్నాడు మరిది.

"అది అనుమానించబట్టే నాకీపాటి తెలిసింది. లేకపోతే రేపు బ్యాంకులో ఎక్కడ పెట్టమంటే అక్కడ సంతకం పెట్టేసి వచ్చేదాన్ని," అంది అత్తయ్య. కూర గిన్నె మా ఆయన వైపు జరిపింది. "రేపు బ్యాంకుకి నేనూ కోడలూ వెళ్తాం. అట్నుంచటే ఓనరు దగ్గరికెళ్ళి గది డబ్బు కట్టేస్తాం. ఆ టై అబ్బాయి మీ బేరాలు మూసుకుంటే మూసుకోనీ. పోయిందాన్ని ఇద్దరూ మోటార్లు చుట్టి సంపాదించుకోండి."