చాలు అనేదాకా

లారీ కింద వెల్లకిలా పడుకున్న ఎలీయాజరు ఇరుసు మీద బండి బరువు మోసే కమాను కట్టలో ఇరుక్కున్న మట్టిని గోరుతో గీకి, వేళ్ల మధ్య నలిపి చూశాడు. ఎర్రగా, గరుగ్గా ఉంది. చింతలపూడి బండి. పామాయిల్ గెలలు మోస్తూ ఎక్కడో గుంతలో పడింది. ఎడమ వెనక కట్టలో రెండో పట్టీ విరిగి నవ్వుతోంది.

ఊళ్లన్నీ అతని దగ్గరికి అలాగే వచ్చేవి, బళ్ల అడుగున అంటుకుని. అత్తిలి మట్టి నల్లగా, జిడ్డుగా, గోటికింద దూరితే రెండ్రోజులు పోదు. తాడేపల్లిగూడెం బజారు బళ్లకు ఉల్లిపొట్టు అంటుకుని ఉంటుంది. కొల్లేటి మట్టి బూడిదరంగు; అందులో గుల్లలు మెరుస్తాయి, ఆరితే చేపల కంపు కొడుతుంది. ఏలూరు బైపాసు పక్కనున్న ఈ రేకుల షెడ్డులో కమాన్లు కట్టడానికి చేరినప్పుడు అతనికి మీసాలు సరిగా రాలేదు. ఇప్పుడవి నెరిశాయి. గోనెపట్టా మీద తల ఆనించి ఆనించి తల వెనక బిళ్లంత మేర జుట్టు ఊడిపోయింది. తుప్పు రాలుతుందని ఎప్పుడూ సగం మూసే ఉంచే కళ్లు, నీడపట్టున కూర్చున్నా అలాగే ఉంటాయి. మోచేతులు ఎండిన తాటిచెక్కల్లా అయిపోయాయి. ఆదివారం గుడికి వేసుకెళ్లే తెల్లచొక్కా చేతులు మణికట్టు దాకా దించుకునేది అందుకే.

పొద్దుటినుంచి గుండెల్లో మంటగా ఉంది. రాత్రి కొరమేను పులుసులో భార్య కృపమ్మ కారం ఎక్కువేసిందనుకున్నాడు. జేబులోంచి నాలుగు వాము గింజలు తీసి నోట్లో వేసుకుని, బళ్ల కింద పనికని షెడ్డులో తవ్విన గుంటలోకి దిగి ఉన్న ఏసుబాబుకు చెయ్యి ఊపాడు.

ఏసుబాబు నలభై దాటిన మనిషి. ఎలీయాజరు దగ్గరే పని నేర్చుకున్నాడు. వాళ్లిద్దరి మధ్య ఒక్కటే కట్టుబాటు: బిగించేటప్పుడు మాట్లాడకూడదు. వెనకటికి ఒకసారి, సుత్తిదెబ్బల మోతలో 'ఆగు' అన్నది 'కానీ' అన్నట్టు తోచి ఏసుబాబు చూపుడువేలి కొస పోయింది. ఆనాటినుంచి ఎలీయాజరు చెప్పే మాట ఒక్కటే. సరిపోయినప్పుడు "చాలు" అంటాడు. అప్పటిదాకా తిప్పుతూనే ఉండాలి. ఇంకానా అని అడగకూడదు. మాట రాలేదంటే పని అవలేదని అర్థం.

సరిపోయిందో లేదో చెప్పేది ఒక పావు సీసా. అచ్చంగా సారాకొట్లో దొరికే పలకసీసాయే. అందులో సగానికి నీలిమందు కలిపిన నీళ్లు పోసి, మూతికి లక్క పెట్టి, గాజు మీద రెండు గీతలు గీశాడు. బండి మీద అడ్డంగా పడుకోబెడితే నీళ్లు రెండు గీతల్నీ సమంగా తాకాలి. సంఘపెద్దయి ఉండి జేబులో పావు సీసా పెట్టుకు తిరుగుతాడని గుడి దగ్గర మత్తయిగారు ప్రతి ఆదివారం ఆట పట్టించేవారు. "మీది ఇంకా అవలేదేమండీ ఎలీయాజరుగారూ, అలాగే ఉందే?" అని అడిగేవారు. చుక్క ముట్టని ఎలీయాజరు నవ్వి ఊరుకునేవాడు.

లారీని పంపించేసరికి హర్షవర్ధన్ ఎర్రకారు వచ్చి ఆగింది.

హర్షవర్ధన్‌వాళ్లకు కొల్లేటి లంకల్లో చేపల చెరువులున్నాయి. మద్రాసులో ఇంజనీరింగు చదువుతున్నప్పుడు అతనికి రేసు కార్ల పిచ్చి పట్టింది. వారమంతా చెరువుగట్ల మీద తిరిగే కారునే ఏడాదికి రెండుసార్లు మద్రాసు దగ్గరి ట్రాకు మీదికి తీసుకెళతాడు. డిక్కీ తెరిచి రెండు పెట్టెలు దించాడు. షాకబ్జార్బరూ, దాని ఒంటిని చుట్టుకున్న స్ప్రింగూ కలిసి ఒకే ముక్క. ఒంటినిండా మరచుట్లు. రింగు తిప్పితే కారు ఎత్తు పెరుగుతుంది, తగ్గుతుంది. కాయిల్ ఓవర్ అంటారని చెప్పాడు. రెండు రకాలు తెప్పించుకున్నాడు; ఒకటి ఉంచుకుని ఒకటి వెనక్కి పంపాలి. మొదటి రకానికి పైన చిన్న బుడిపె ఉంది. దాన్ని టిక్కుటిక్కుమని తిప్పితే రోడ్డుకు మెత్తగా, ట్రాకుకు గట్టిగా మార్చుకోవచ్చు. రెండోదానికి ఎత్తు మార్చుకోవడమే. మెత్తదనం ఎంతిచ్చారో అంతే.

"బుడిపెదైతే ట్రాకు దగ్గర నాలుగు చక్రాలకీ సరిచూసి తిప్పే మనిషి కావాలండీ. నాకది చేతకాదు. మీరు నాతో రావాల్సిందే. శుక్రవారం బయల్దేరదాం," అన్నాడు హర్షవర్ధన్.

బల్ల దగ్గర కూర్చున్న షావుకారు పద్మనాభం తలెత్తాడు. ఎలీయాజరు ఎప్పుడు ఎక్కడికి వెళ్తానన్నా ఆయన కాదనలేదు. ఆయన తండ్రీ కాదనలేదు. "చూద్దాంలే" అనేవారు. ఇరవయ్యేళ్ల వయసులో తాడేపల్లిగూడెం లారీ ఆసామి ఒకాయన క్లీనరుగా రమ్మని, రెండేళ్లలో స్టీరింగు చేతికిస్తానన్నాడు. చూద్దాంలే అన్నారు పెద్ద షావుకారు. చూస్తుండగానే ఆ లారీకి ఎలీయాజరే కమాన్లు కట్టి పంపాడు. అది అస్సాం దాకా వెళ్లి అక్కడి ఆకుపచ్చ బురదతో తిరిగొచ్చింది. దాన్నీ అతనే గీకాడు. బెజవాడకి అవతలగానీ రాజమండ్రికి అవతలగానీ అతను చూసింది లేదు.

కానీ ఈసారి అడిగింది పెద్ద ఖాతాదారు. పద్మనాభం నవ్వు తెచ్చుకుని, "రెండ్రోజులేగా బాబూ, తీసుకెళ్లండి," అన్నాడు.

ఎలీయాజరు రెండు రకాలనూ చేతుల్లో తిప్పి చూశాడు. చూడాల్సినంతసేపు చూడలేదు. "బుడిపెదే ఉంచండి బాబూ," అన్న మాట అతనికంటే ముందు బయటికొచ్చేసింది.

సాయంత్రానికి బిగించమని కారు అక్కడే వదిలి, ఎవరిదో మోటారుసైకిలు ఎక్కి హర్షవర్ధన్ వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కృపమ్మ క్యారేజీ తెచ్చింది. మిషన్ స్కూల్లో ఆయాగా చేస్తుంది. బెల్లు కొట్టాక పరుగున వచ్చి, మళ్లీ బెల్లు కొట్టేలోగా వెళ్లాలి. సంగతి వింటూ క్యారేజీ విప్పింది. ఆ కార్లు ఎక్కడికి వెళ్తాయని అడిగింది. ఎక్కడికీ వెళ్లవు, గుండ్రంగా తిరుగుతాయన్నాడు.

"బయల్దేరిన చోటికే వచ్చేదానికి అంత తొందరెందుకండీ?"

"ఏమోనే. అది చూద్దామనే."

"సరుకేం మోస్తాయి?"

"ఏం మొయ్యవు."

ఏమీ మొయ్యని బండి ఎలా ఉంటుందో కృపమ్మకు అంతుచిక్కలేదు. అయినా స్కూల్లో పెర్సిస్ టీచరుగారి జిప్పు సంచి అడిగి తెస్తానంది. తెల్లచొక్కా ఇస్త్రీ చేయిస్తానంది. అన్నం సగంలో వదిలేశాడని గొణిగింది. మంటగా ఉందని అతను చెప్తే, సోడా తాగమని చెప్పి వెళ్లిపోయింది.

ఆమె మలుపు తిరిగిందో లేదో కొల్లేటి నుంచి చేపల మేత మోసే జీపు ఒకటి మూలుగుతూ వచ్చింది. కమాను కట్ట పట్టుకుని ఉండే బోల్టు మార్చాలి. ఎలీయాజరు స్పానరు వేసి లాగాడు. కదల్లేదు. కిరసనాయిలు పోసి, నానబెట్టి, పైపు తొడిగి, ఏసుబాబూ తనూ కలిసి లాగారు. సముద్రం పోటుకి ఉప్పుటేరు కొల్లేట్లోకి ఎగదన్నిన కాలంలో ఆ మట్టిలోకి ఉప్పు చేరుతుంది. మరచుట్లలో దూరి ఆరిందంటే సిమెంటే. చివరికి నట్టు తిరిగినట్టే తిరిగింది. అమ్మయ్య అనుకునేలోగా బోల్టు లోపల తెగి, తల చేతికొచ్చింది.

ఆ బోల్టు తలను అతను చాలాసేపు చూశాడు.

ఎర్రకారు తిరిగేదీ ఆ గట్ల మీదే. ఒక్క వానాకాలం చాలు. ఆ బుడిపెలు పైన టిక్కుటిక్కుమంటూనే ఉంటాయి. లోపల ఒకటి మాట వింటుంది, ఒకటి వినదు. ఒక చక్రం గట్టిగా, పక్క చక్రం మెత్తగా ఉన్న కారును ఈ అబ్బాయి ట్రాకు మీద అంత జోరున మలుపు తిప్పుతాడు. శుక్రవారానికైతే భయం లేదు, అన్నీ కొత్తవే. తనూ పక్కనుంటాడు. వచ్చే ఏడాదో? అప్పుడు షావుకారు చూద్దాంలే అంటాడు. అబ్బాయి ఒక్కడే వెళ్తాడు.

సోడా తాగాడు. మంట తగ్గలేదు. నాలుగింటికి హర్షవర్ధన్ వచ్చేదాకా బుడిపె పెట్టె మూత తీయకుండా, ఏసుబాబు అడిగినా పలక్కుండా, విరిగిన పట్టీలు ఒక పక్కనుంచి ఇంకో పక్కకు సర్దుతూ గడిపాడు.

"అది వద్దు బాబూ," అన్నాడు, అబ్బాయి దిగీ దిగగానే. "మన గట్లకి అది నిలవదండి. రెండోదే ఉంచండి."

"పొద్దున్న అదే మంచిదన్నారు కదండీ?"

"పొద్దున్న సరిగా చూళ్లేదండి." బోల్టు తల చూపించాడు. "రెండోదైతే ఇక్కడ ఒక్కసారి మీ బరువుకి సరిచేసి బిగిస్తాను. గట్టు మీద కాస్త కుదుపుంటుంది, ట్రాకు మీద కాస్త ఊగుతుంది. రెంటికీ సగంసగం. బిగించాక ఇంకెవరూ ముట్టుకోనక్కర్లేదు."

హర్షవర్ధన్ ఆలోచించి తలూపాడు. అతని మొహంలో నిజంగానే బరువు దిగినట్టు కనిపించింది. "అయితే మీరు రానక్కర్లేదు. నయమైందండీ. పెద్దాయన్ని ఎండలో అంత దూరం తిప్పుతావా అని మా అమ్మ పొద్దుటినుంచి ఒకటే కేకలు."

"రానక్కర్లేదండి," అన్నాడు ఎలీయాజరు.

బల్ల దగ్గరినుంచి పద్మనాభం, "మంచిదేలే ఎలీయాజరూ, శుక్రవారం అత్తిలి లారీ కూడా వస్తానంది," అన్నాడు.

ఎండ వాలేసరికి నాలుగు చక్రాలకూ కొత్త స్ప్రింగులు ఎక్కాయి. ఎడమ పక్కా, కుడి వెనకా ఎత్తు కుదిరింది. కుడి ముందుది మిగిలింది. ఆ షెడ్డులో ఏ బండికైనా అది మోసే బరువు ఎక్కించే ఎత్తు చూస్తారు. లారీకైతే ఇసుక బస్తాలు. కారుకు నడిపే మనిషి కూర్చోవాలి. కానీ చెరువుల దగ్గర కరెంటు పోయిందని హర్షవర్ధన్‌కు సెల్లులో పిలుపొచ్చింది. ఇద్దరం ఒక్క బరువే ఉంటాం, మీరు కూర్చోండని చేత్తో సైగ చేసి, మాట్లాడుకుంటూ రోడ్డు వైపు నడిచాడు.

ఏసుబాబు గుంటలోకి దిగాడు. ఎలీయాజరు బానెట్ మీద పావు సీసాను అడ్డంగా పెట్టి, చేతులు తుడుచుకుని, సీటు మీద గుడ్డ పరిచి, డ్రైవరు సీట్లో కూర్చున్నాడు.

బళ్లన్నీ షెడ్డులోకి మూతి పెట్టి వస్తాయి. వాటిల్లో ఎప్పుడైనా ఎక్కి కూర్చున్నా ఎదురుగా కనిపించేది రేకుల గోడే. ఈ అబ్బాయికి వెనక్కి నడిపి పెట్టడం అలవాటు. ముందు అద్దంలోంచి రోడ్డంతా కనిపిస్తోంది. బెజవాడ బస్సు వెళ్లింది. దాని వెనక రెండు లారీలు. ఎడమకు తిరిగితే అదే రోడ్డు మద్రాసు దాకా పోతుందంటారు. అతను స్టీరింగు మీద రెండు చేతులూ వేశాడు. గ్రీజు అంటుతుందని ఒకసారి తీసి, మళ్లీ వేశాడు.

కింద ఏసుబాబు కొక్కెం స్పానరు రింగుకు తగిలించి లాగినప్పుడల్లా కారు కుడి భుజం వెంట్రుకవాసి లేస్తోంది. సీసాలో నీలినీళ్లు మెల్లగా జరుగుతున్నాయి. గీతకు దగ్గరయ్యాయి. ఇంకాస్త. మంట ఎడమ చేతిలోకి పాకింది. నీళ్లు రెండు గీతల్నీ తాకాయి.

చాలు అనాలి. అంటే పనైపోయినట్టే, ఇక దిగాలి. ఎలీయాజరు ఆ మాటను నోట్లోనే ఉంచుకుని ఇంకొక్క బస్సు పోనిద్దామనుకున్నాడు. రోడ్డుకి అవతలి పక్కన చిట్టివలస బోర్డుతో ఒక లారీ వచ్చింది. తర్వాత పసుపురంగు బస్సు ఒకటి, మద్రాసు వైపుదే, కిటికీల్లోంచి చేతులు వేలాడుతూ.

గుంటలో ఏసుబాబు తిప్పుతూనే ఉన్నాడు. మాట రాలేదు. ఇంత ఎత్తెందుకో అనిపించింది గానీ, అడగకూడదు. కొత్త రకం సామాను, అన్నయ్యకు తెలీకుండా ఉంటుందా అనుకున్నాడు. స్పానరు మార్చి పట్టుకుని తిప్పాడు. చెమట తుడుచుకుని తిప్పాడు. రింగు మరచుట్ల చివరికంటా వెళ్లి టక్కున ఆగింది. ఇక తిరగడానికి చోటు లేదు.

"అన్నయ్యా, ఆఖరికొచ్చేసిందిది," అన్నాడు. ఇన్నేళ్లలో ఆ గుంటలోంచి అతను నోరు తెరవడం అదే మొదలు.

పైకొచ్చి చూస్తే ఎలీయాజరు స్టీరింగు పట్టుకుని రోడ్డు వైపే చూస్తున్నాడు. కళ్లు ఎప్పట్లా సగం మూసి కాకుండా, పూర్తిగా తెరిచి ఉన్నాయి.

షావుకారు చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చాడు. హర్షవర్ధన్ ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. ముగ్గురూ కలిసి వేళ్లు ఒక్కొక్కటే విడదీసి అతన్ని దించారు. మనిషి బరువు పోగానే కొత్త స్ప్రింగు చిన్నగా నిట్టూర్చినట్టు కారు ఇంకో వేలెడు పైకి లేచింది. ఎవరో కృపమ్మ కోసం ఇంటికి పరిగెత్తారు. గోనెపట్టా తెచ్చి నేలమీద పరిచి, అతను రోజూ పడుకునేలాగే పడుకోబెట్టారు.

ఎర్రకారు ఒక భుజం ఎగరేసుకుని రోడ్డు వైపు చూస్తూ నిలబడింది. బానెట్ మీద పావు సీసా అలాగే ఉంది. నీలినీళ్లు ఒక గీతను వదిలేసి రెండో గీత దాటి ఓ పక్కకు చేరి, బెజవాడ బస్సు పోయినప్పుడల్లా సన్నగా వణుకుతున్నాయి.