నీలం అట్టలో మూలుగు

తడిసిన అట్ట వాసన.

ముందు అదే వస్తుంది. రికార్డు బయటికి రాకముందే, ముల్లు ఆనకముందే... అట్ట తెరవగానే బూజు ముక్కుకి తగులుతుంది. ఆరీ ఆరని గుడ్డల మూటలా.

తర్వాత ముల్లు దిగుతుంది. చిటపట... చిటపట... రేకుల మీద వాన మొదలైనట్టు.

ఒకప్పుడు ఆ వాసనకి చెవిగారికి ప్రాణం లేచొచ్చేది.

ఇప్పుడు అట్టని మొహానికి దూరంగా పట్టుకుని తెరుస్తాడు.

చెవిగారు అన్నది జనం పెట్టిన పేరు. బావగారి రికార్డుల కొట్లో, మెట్లు దిగి వెళ్ళే నేలకింది గదిలో, ఆదివారం సాయంత్రాలు ఆయన జాజ్ వినిపిస్తాడు. ఏది కొనుక్కోవాలో చెప్తాడు. ఆయన "వినండి" అంటే ఆ రికార్డు ఆ పూటే వెళ్ళిపోతుంది. "పర్లేదు" అన్నాడా, అక్కడే డబ్బాలో పడి బూజు పడుతుంది.

చుట్టూ చేరేవాళ్ళలో ఒక లాయరు, ఒక రిటైరైన ఇంజనీరు, ఇంకో నలుగురైదుగురు. రికార్డుని అంచులు పట్టుకుని పురిటిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుంటారు. దీపం కింద అటూ ఇటూ వాలుస్తారు. అట్టలో ముక్కు పెట్టి వాసన చూస్తారు. ఇంటికెళ్ళి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. లాయరు ఇంట్లో గోడ నిండా రికార్డులే, ఒక్కదానికీ పైకాగితం చింపలేదు.

"వినరా?" అని అడిగాడు చెవిగారు ఒకసారి.

"వింటే అరిగిపోవూ?" అన్నాడు లాయరు.

చెవిగారికి అసహ్యం. వాళ్ళ తడి వేళ్ళంటే అసహ్యం. పాట మధ్యలో కళ్ళు మూసుకుని వాళ్ళు తలలూపే తీరంటే అసహ్యం. వాళ్ళు చెవి కోసుకునేది తన మాటలకే కనక... తనంటే కూడా కొంచెం.

కానీ నీలం అట్ట రికార్డు ఉంది కదా.

అది ఎవరో ఖాళీ చేస్తున్న ఇంటి అటక మీద దొరికింది. అట్ట మీద ఊదినాయన పేరు, సాక్సాఫోన్ అన్న మాట. అంతే. రికార్డు మధ్యలో అంటించిన కాగితం ఖాళీ. ఏ పాటలో లేదు, ఏ ఏడాదో లేదు, ఎంత వేగంలో తిప్పాలో లేదు. పెద్ద రికార్డు. పెద్దవి నిమిషానికి ముప్పై మూడు చుట్లు తిరుగుతాయి, చిన్నవి నలభై అయిదు. అది ఈ గదిలో కొత్తగా అడుగుపెట్టినవాడికి కూడా తెలుసు.

ముప్పై మూడులో పెట్టాడు.

అబ్బ... ఆ సాక్సాఫోన్.

బావిలోంచి పైకి రాలేని గొంతు. నీళ్ళోడుతున్న దుప్పటిని లాగినట్టు ఒక్కో స్వరం. మూడో పాట చివర, వాయిద్యాలన్నీ ఆగిపోయాక — ఒక మూలుగు. మనిషి మూలుగు.

చెవిగారు ఆ రోజు ఏడ్చాడు. నటన కాదు, నిజంగానే ఏడ్చాడు.

ఆ ఏడుపులోనే నాలుగు ముక్కలు రాసి కొట్టు తలుపుకి అంటించాడు. "చావు గడప మీద కూర్చుని ఊదిన మనిషి. దీపాలార్పి వినండి. ఆ మూలుగు దగ్గర ఊపిరి బిగబట్టండి."

ఆ మాటలు ఆ నోటా ఈ నోటా పాకాయి. నీలం అట్ట కోసం జనం అటకలు దులిపారు. దొరికినవాళ్ళు దీపాలార్పారు. మూలుగు దగ్గర ఊపిరి బిగబట్టారు. ఇంకో ఊళ్ళో ఒకాయన మూర్ఛపోయాడని కూడా చెప్పుకున్నారు. చివరికి ఒక కంపెనీ ముందుకొచ్చింది. అసలు టేపు ఎక్కడా లేదు కనక, చెవిగారి దగ్గరున్న రికార్డులోంచే కొత్త కాపీలు తీస్తారట. అట్ట వెనక ఆయన మాటలే వేస్తారట.

"మన పంట పండింది బామ్మర్దీ!" అన్నాడు బావగారు.

అప్పుడొచ్చింది పళ్ళ డాక్టరమ్మ.

పట్టపగలు. వానలో. గొడుగు దులిపి మెట్ల దగ్గర ఆనించింది.

"నీలం అట్ట మా నాన్నదండీ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఉన్న కాపీలన్నీ అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ పంచేశారు. ఇంట్లో ఒకటి ఉంచుకోవాలని ఎవరికీ తోచలేదు. చిన్నప్పుడెప్పుడో విన్నదే... ఒక్కసారి వినిపిస్తారా?"

చెవిగారి గుండె ఉప్పొంగింది. కుర్చీ వేశాడు. దీపం ఆర్పాడు. ఆవిడ వినబోయే దుఃఖం గురించి ముందుగా కాస్త ఏకరువు పెట్టాడు. ముల్లు దించాడు.

చిటపట... చిటపట...

బావిలోంచి గొంతు.

ఆవిడ ఏడుస్తుందని చూశాడు. ఏడవాలని కోరుకున్నాడు.

ఆవిడ మొహం చిట్లించింది.

"ఇది మా నాన్న కాదండీ."

"పేరుంది కదమ్మా అట్ట మీద."

"పేరు ఆయనదే. కానీ మా నాన్నది చిన్న సాక్సాఫోన్. సన్నగా, గడుగ్గాయిలా పలికేది. పెళ్ళిళ్ళలో ఊదేవారు. జనం కుర్చీలు పక్కకి నెట్టేసి గెంతేవాళ్ళు."

"చిన్నప్పటి జ్ఞాపకాలు అలాగే ఉంటాయమ్మా," అన్నాడు చెవిగారు. జాలిగా అన్నాడు. ఆ జాలి గుర్తొస్తే ఇప్పటికీ ఆయనకి ఒళ్ళు జలదరిస్తుంది.

మూడో పాట అయిపోవచ్చింది. వాయిద్యాలాగాయి. మూలుగు.

అలవాటుగా ఆయన ఊపిరి బిగబట్టాడు. ఆవిడ లేచి దీపం వేసింది.

"ఆపెయ్యండి, వినలేకపోతున్నాను. మా క్లినిక్కులో డ్రిల్లు వేగం పడిపోతే ఇలాగే మూలుగుతుంది. అసలిది తిరగాల్సినంత తిరుగుతోందా?"

చెవిగారి చూపు వేగం మార్చే మీట మీద పడింది.

పెద్ద రికార్డుల్లో కూడా కొన్నిటిని నలభై అయిదులో తీస్తారు, శబ్దం తేటగా వస్తుందని. అరుదు. ఆ సంగతి చెవిగారికి తెలియక కాదు. ఊరందరికీ చెప్పేవాడికి తెలియకేం? తోచలేదంతే. అంత హాయిగా ఏడిపించినదాన్ని ఎవరు మాత్రం అనుమానిస్తారు...

మీట జరిపాడు. ముల్లు మళ్ళీ మొదట్లో పెట్టాడు.

సాక్సాఫోన్ దూకింది.

చిన్నది. పొగరుబోతుది. ఒక్కచోట నిలవదు. డ్రమ్ములు దాని వెంటపడుతున్నాయి — పట్టుకోలేవు — అది మలుపులో ఆగి వెక్కిరిస్తుంది, మళ్ళీ పరుగు. చెవిగారి కాలు ఆయన్ని అడక్కుండానే నేల మీద తాళం వేసింది. మూడో పాట చివర, వాయిద్యాలన్నీ ఆగిపోయాక —

నవ్వు.

చిన్నపిల్ల నవ్వు. ఆపుకుందామని చూసి, ఆపుకోలేక, పొట్ట చెక్కలయ్యేలా.

"అది నేనే," అంది డాక్టరమ్మ. "చప్పుడు చెయ్యకూడదని చెప్పి నన్ను బల్ల మీద కూర్చోబెట్టారు. నాన్న ఊదుతూనే బుగ్గలు పొంగించి, నా వంక గుడ్లు మిటకరించి చూశారు. ఇంకెక్కడాగుతాను? అందరూ నన్ను తిట్టారు. నాన్న మాత్రం దాన్ని తీసెయ్యనివ్వలేదట."

కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో చెవిగారికి తెలియలేదు.

"తలుపు మీద మీరు రాసింది చదివానండీ. చావు గడప అదీ... మా నాన్న అంత సరదా మనిషిని నేను చూడలేదు. అందరికీ చెప్తారు కదూ? ఆయన ఏడవలేదని?"

"ఆదివారం రండమ్మా. మీ ముందే చెప్తాను."

"పేషెంట్లు ఉంటారు. కాస్త ఆలస్యమైనా వస్తాను."

ఆవిడ వెళ్ళాక తలుపు మీద కాగితం పీకి ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాడు. బావగారు దాన్ని తీసి, మడతలు సాపుచేసి, మళ్ళీ అంటించాడు.

ఆదివారం. వాన.

అందరూ వచ్చారు. కొత్తగా కంపెనీ మనిషి. తడి గొడుగులు, తడి చొక్కాలు, అట్టల బూజు... గదంతా ఒకటే కంపు. చెవిగారు ఏమీ చెప్పకుండా నలభై అయిదులో పెట్టాడు. మూడో పాట చివరిదాకా వినిపించాడు.

ఆ నవ్వు విని ఎవరూ నవ్వలేదు.

"ఇదేంటండీ, పెళ్ళి బ్యాండులా ఉంది!" అన్నాడు లాయరు.

"పెళ్ళి బ్యాండేనండీ."

"మూలుగేదీ?" అన్నాడు ఇంజనీరు, తన జేబు ఎవరో కొట్టేసినట్టు.

చెవిగారు చెప్పాడు. మీట సంగతి, తన తప్పు, బల్ల మీద కూర్చున్న పిల్ల. ఒక్కటీ దాచలేదు. లాయరు కడదాకా ఓపిగ్గా విన్నాడు.

"సరే, తప్పే అనుకుందాం. కానీ ఆ తప్పే బాగుంది కదండీ. మూలుగు పెట్టండి."

"జనం కొనేది మూలుగు కోసమేనండీ," అన్నాడు కంపెనీ మనిషి. "ఈ కితకితలు ఎవరిక్కావాలి?"

బావగారు పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "నీకు దణ్ణం పెడతాను బామ్మర్దీ. పోయినాయన ఎలాగూ రాడు. ఎందుకొచ్చిన గొడవ?"

బావగారే మీట వెనక్కి జరిపాడు. ఆయనే ముల్లు మూడో పాట మొదట్లో పెట్టాడు. దీపం ఆర్పమని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

చీకట్లో వాళ్ళ ఊపిరి వినబడుతోంది. ఎవరో గుటక వేశారు. ఎవరో "ఆహా" అన్నారు. పసిపిల్ల నవ్వుని సాగదీసి, సాగదీసి, చచ్చేవాడి మూలుగు చేసి, దాని కోసం లొట్టలు వేసుకుంటూ కూర్చున్నారు. తెలియకముందు సరే. తెలిశాక కూడా...

ఛీ.

లేచి ఆ రికార్డు విరిచేద్దామనుకున్నాడు. వీళ్ళ మొహాన కొట్టి మెట్లెక్కి పోదామనుకున్నాడు.

బావిలోంచి గొంతు. నీళ్ళోడుతున్న దుప్పటి. ఒక్కో స్వరం...

చెంప తడిగా తగిలింది.

తుడుచుకున్నాడు. మళ్ళీ తడి.

అబద్ధమని తెలుసు. గడుగ్గాయి పరుగుని తనే కుంటి నడక చేశాడని తెలుసు. అయినా వెధవ చెవి — ఊరంతా పేరుపెట్టి పిలిచే చెవి — దీనికే కరుగుతోంది. ఆ పరుగుకి కాలాడింది, అంతే. దీనికి కన్నీళ్ళొస్తున్నాయి. వీళ్ళకీ తనకీ తేడా ఏం లేదు. ఆ మాట తోచగానే, ఆ గదిలో అందరికంటే తనంటేనే ఎక్కువ అసహ్యం వేసింది.

మెట్ల మీద గొడుగు దులిపిన చప్పుడు.

అడుగులు. ఒక్కో మెట్టూ దిగుతున్నాయి. పేషెంట్లయిపోయి ఉంటారు.

చెవిగారు చీకట్లో చెయ్యి చాచాడు. మీట వేలికి తగిలింది. చల్లగా, తడిగా. పక్కనే బావగారి చెయ్యి వచ్చి ఆయన మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఏమీ పట్టుకోలేదు. విదిలించుకుంటే వదిలిపోయేదే.

వాయిద్యాలు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.

తలుపు తెరుచుకుంది. ఆవిడ గుమ్మంలో నిలబడింది, తండ్రిని వినడానికి.

అందరూ ఊపిరి బిగబట్టారు.

వేలు మీట మీదే ఉంది.

చిటపట... చిటపట... ముప్పై మూడైనా నలభై అయిదైనా ఆ వానొకటే.

తడిసిన అట్ట వాసన.